పిచ్చుక పెట్టిన టిక్కు

గొడుగులు బాగుచేసే దుకాణం వెనక గది తలుపు ముందు నిలబడి ఏజెంట్ ఉడుము గొంతు సవరించుకున్నాడు.

"ఎండకు గొడుగు, వానకు విసనకర్ర," అన్నాడు తలుపుతో.

ఆ మాటనూ ఆ గొంతునూ పోల్చుకోవడానికి తలుపు కాసేపు ఆలోచించింది. తర్వాత చప్పుడు లేకుండా పక్కకు జరిగింది. లోపల పెద్దాయన కుర్చీలో లేడు, నిలబడి ఉన్నాడు. పెద్దాయన నిలబడ్డాడంటే ఎక్కడో కొంప మునుగుతోందని గూఢచారి డిపార్టుమెంటులో అందరికీ తెలుసు.

"కూర్చో. ఊరికి పైనున్న డ్యామ్ తెలుసుగా?"

"తెలుసు సార్."

"ఈ సాయంత్రం దాని గేట్లన్నీ వాటంతటవే లేస్తాయి. జనం ఆఫీసుల నుంచి ఇళ్లకు వెళ్లే వేళకి."

"బాంబా సార్?"

"బాంబైతే బాంబులవాణ్ని పిలిచేవాణ్ని, నిన్నెందుకు? గాదె."

ఆ పేరు వినగానే ఉడుము కుర్చీలో సర్దుకున్నాడు.

గాదె అంటే వడ్లు పోసుకునేది కాదు. ఎక్కడెక్కడి వాళ్లో రాసి, ఉచితంగా పంచిపెట్టే సాఫ్ట్‌వేర్ ప్యాకేజీల కొట్టు అది. దానికి యజమాని లేడు, పనిచేసేవాళ్లకు జీతాల్లేవు. పగలంతా వేరే పనులు చేసుకునే వాలంటీర్లు తీరిక చేసుకుని కూర్చుని, వచ్చిన ప్రతి ప్యాకేజీని విప్పి చూసి, బాగుంటేనే లోపల పెడతారు. ఆసుపత్రి యంత్రాలు, రైలు సిగ్నళ్లు, డ్యామ్ గేట్లు, అన్నీ ఆ గాదె గింజలు తినే బతుకుతున్నాయి. గాదెకు ఉన్న కట్టుబాటు ఒక్కటే. ఏ ప్యాకేజీ లోపలికి రావాలన్నా ఇద్దరు వాలంటీర్లు దాన్ని మొదటి నుంచి చివరిదాకా చదవాలి. చదివాక ఇద్దరూ పచ్చ టిక్కు పెట్టాలి.

"చెద ముఠా దూరింది," అన్నాడు పెద్దాయన. చెద అనేది విదేశీ గూఢచారి ముఠాకు ఫైళ్లలో ఉన్న పేరు. "విషం కలిపిన ప్యాకేజీ ఒకటి లోపలికి వెళ్లిపోయింది. ఈ సాయంత్రం గాదె కొత్త రిలీజ్. అది విడుదలైన మరుక్షణం డ్యామ్ కంప్యూటర్ దాన్ని దించుకుంటుంది."

"డ్యామ్ వాళ్లకు చెప్పి ఆపించలేమా?"

"పొద్దున్నుంచీ అదే పని. రాతపూర్వకంగా కోరితే వారంలో పరిశీలిస్తామంటున్నారు." పెద్దాయన ఒక పిప్పరమెంటు నోట్లో వేసుకుని కసిగా కొరికాడు. "ఆ ప్యాకేజీకి రెండు టిక్కులున్నాయి. ఒకటి చెద మనిషిది, సరే. రెండోది ఎవడో మామూలు వాలంటీరుది. చదవకుండా పెట్టేశాడు. ద్రోహి వీడికంటే నయం, వాడికి కనీసం ఒక ఉద్దేశం ఉంటుంది. నాకు వాడి పేరు కావాలి. మన సంపెంగ నీకోసం కళ్లద్దాల దుకాణంలో ఎదురుచూస్తోంది."

ఉడుము తల ఊపాడు. అతను కూడా ఏడాదిగా గాదెలో వాలంటీరే. చెద ఏదో ఒకరోజు అటు వస్తుందని ముందే పసిగట్టి పెద్దాయనే పంపాడు. 'లోపల మనవాడొకడు ఉండాలి. నమ్మకం సంపాదించు. అందరికంటే ఎక్కువ టిక్కులు నీవే అవ్వాలి' అన్నది ఆజ్ఞ. అక్కడ ఏ మారుపేరు పెట్టుకున్నాడో పెద్దాయనకైనా చెప్పకూడదన్నది రూలు. ఉడుము రూలు తప్పలేదు. ఆజ్ఞను మాత్రం కోతకొచ్చిన చేలో కొడవలి ఆడించినట్టు అమలు చేశాడు. ఎయిర్‌పోర్టుల్లో, మేడల మీద, ఎవరి కారో వచ్చేదాకా వీధి మలుపుల్లో నిలబడి, ఫోన్లో టిక్కు మీద టిక్కు కొట్టాడు. గాదెలో అతని మారుపేరు పిచ్చుక.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, బయటికి వచ్చాక అతని చెయ్యి తనంతట తనే జేబులో ఫోన్ను తడిమింది. ఛ, నేనెందుకవుతానని నవ్వుకున్నాడు. వాలంటీర్లు వందలమంది ఉన్నారు.

కళ్లద్దాల దుకాణంలో తెల్లకోటు వేసుకున్న డాక్టరమ్మను చూసి ఇద్దరు కుర్రాళ్లు అవసరం లేకపోయినా కళ్లు పరీక్ష చేయించుకుని వెళ్తున్నారు. ఆమే సంపెంగ. చెద ముఠా ఆమెను తమ మనిషి అనుకుంటుంది. ఆమె మన మనిషి. ఈ రెండు కొలువుల మధ్య ఆమె కాటుక ఒక్కరోజు కూడా చెదరలేదని డిపార్టుమెంటులో చెప్పుకుంటారు.

"ఏమిటి ఇబ్బంది?" అంది.

"దగ్గరివి కనపడతాయి, దూరానివి కూడా కనపడతాయి. చదవడమే కష్టంగా ఉంది." ఇది కోడ్ వాక్యం. నెల కిందట ఎవరో క్లర్కు తయారు చేసి ఇచ్చాడు. ఈ రోజే ఇది తనకు గుచ్చుకుంటుందని ఉడుముకు తెలియదు.

ఆమె అతని ముక్కు మీద ఇనప ఫ్రేము పెట్టి, ఒక అద్దం తీసి ఇంకొకటి బిగించింది. ఎదురుగా గోడ మీదున్న అక్షరాల చార్టు ఆ అద్దంలోంచి చూస్తే మరో చార్టుగా మారింది.

"పైనుంచి చదవండి."

"ప్యాకేజీ... తేదీలు లెక్కగట్టే చిన్న ప్యాకేజీ. గేట్లు ఎప్పుడు ఎత్తాలో డ్యామ్ దీన్నే అడుగుతుంది."

"కింది వరుస."

"మొదటి టిక్కు చెద మనిషిది. మారుపేరు కొంగ."

"ఆ కింది వరుస?"

అన్నిటికంటే కిందున్న వరుసలో, చీమ తలకాయంత అక్షరాలతో ఒక పక్షి పేరుంది.

"కనపడటం లేదు," అన్నాడు.

"కనపడుతుంది, చూడండి."

"పిచ్చుక," అన్నాడు ఉడుము. గొంతు పీలగా వచ్చింది, అచ్చం ఆ పక్షిదే అన్నట్టు.

సంపెంగ తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "ఆ పిచ్చుక ఎవడో పాపం పిచ్చిమాలోకం. వాడికి ఉత్తరాలన్నీ చెదవాళ్లు నాచేతే రాయించారు. 'అన్నా, మూడు వారాల నుంచి నా ప్యాకేజీని పట్టించుకునే దిక్కు లేదు, మీరొక్కరే మంచిగా జవాబిస్తారు' అని. రెండో ఉత్తరానికే టిక్కు కొట్టేశాడు. 'చాలా బాగా రాశావు తమ్ముడూ' అని మెచ్చుకున్నాడు కూడా! లోపల ఏముందో ఒక్క వరుస చదివినా తెలిసిపోయేది."

ఉడుముకు తలకొట్టేసినట్టయింది. ఆ మెచ్చుకోలు రాసిన రోజు బాగా గుర్తుంది. ఒక మంత్రిగారి మేడ ఎదురుగా పిట్టగోడ మీద పడుకుని, విసుగుపుట్టి, ఎవరికో మేలు చేశానన్న తృప్తితో రాశాడు. ఇంకో టిక్కు కూడా ఉంది కదా, అది పెట్టినవాడు చదివే ఉంటాడులే అనుకున్నాడు. మిగతావాళ్లు పాలు పోస్తారులే అని ఎవరికివారు నీళ్లు పోసిన బిందె కథ చిన్నప్పుడు విని అతను పడీపడీ నవ్వినవాడే.

"ఇప్పుడు ఆపడం ఎలా?" అన్నాడు, తేలు కుట్టిన దొంగలా.

"గాదె రూలు వింతగా ఉంటుంది. ఏ ప్రభుత్వం చెప్పినా ఏ ప్యాకేజీనీ ఆపరు. బయటివాళ్ల అభ్యంతరం మీద రెండు రోజులు చర్చిస్తారు. అప్పటికి ఊరు సముద్రంలో ఉంటుంది. అప్పటికప్పుడు ఆగాలంటే టిక్కు పెట్టినవాడే వెనక్కి తీసుకోవాలి, కారణం రాసి, అందరికీ కనపడేలా. రాసింది మళ్లీ ఎప్పటికీ చెరగదు. కొంగ ఎలాగూ తియ్యడు. ఆ పిచ్చుక ఎక్కడ దొరుకుతుందో మరి."

"ఇంకో దారి లేదా?"

సంపెంగ అతని ముఖంలోకి వింతగా చూసింది. "ఉంది. రిలీజ్‌ను వదిలే తాళం, గాదెలో నాణ్యత చూసే ఒక పళ్ల డాక్టరమ్మ దగ్గరుంటుంది. ఎప్పుడూ మెడలోనే. దాన్ని కాపీ కొడితే రిలీజ్ మొత్తాన్నే ఆపొచ్చు. కాకపోతే అది దొంగతనం."

"మనం చేసేదే అది కదా," అన్నాడు ఉడుము గబగబా. గూఢచారి ముసుగును, అంటే కవర్‌ను, కాపాడుకోవాలి కాబట్టి ఇదే సరైన దారి అని వీధిలో నడుస్తూ తనకు తానే నచ్చజెప్పుకున్నాడు. కవర్ అన్న మాట చాలాసార్లు అనుకున్నాడు. సిగ్గు అన్న మాట ఒక్కసారి కూడా అనుకోలేదు.

పళ్ల ఆసుపత్రి వీధి చివర మొదటి అంతస్తులో ఉంది. తెల్లమీసం, చేతికర్ర, వాచిన దవడతో మెట్లెక్కిన ముసలాయన ఉడుమే. గుమ్మం పక్కన బల్ల దగ్గర డాక్టరమ్మ అత్తగారు టోకెన్లు ఇస్తోంది.

"ఏ పన్ను నాయనా?"

"కింది దవడ, ఎడమవైపుదమ్మా. తట్టుకోలేకపోతున్నా."

"కూర్చో. లైన్లో నీ ముందు ఎవరూ లేరనుకో, అయినా టోకెన్ తీసుకోవాలి. టోకెన్ లేకుండా మా ఆయన వచ్చినా లోపలికి పంపను."

గాదెకు నాణ్యత చూసే పెద్ద ఈ డాక్టరమ్మే. జనం పళ్లు చూస్తుంది, తీరిక దొరికితే ప్యాకేజీలు చూస్తుంది. గాదెలో ఏడాదిగా ఆమె రోజూ ఉడుముతో మాట్లాడుతూనే ఉంది, ముఖం మాత్రం ఎన్నడూ చూడలేదు. అక్కడ ఆమె అతన్ని తమ్ముడూ అని పిలుస్తుంది.

కుర్చీ వెనక్కి వాలింది. ముఖం మీద దీపం వెలిగింది. డాక్టరమ్మ వంగగానే మెడలోని తాళం, వేలెడంత నల్లటి యూఎస్‌బీ ముక్క, సరిగ్గా అతని ముక్కు మీద వేలాడింది. ఉడుము చేతి ఉంగరంలో కాపీయర్ ఉంది. కడుపు మీద చేతులు పెట్టుకున్నట్టు నటిస్తూ ఉంగరాన్ని తాళం వైపు తిప్పాడు. ఉంగరం సన్నగా వేడెక్కసాగింది.

"మత్తు సూది ఇస్తున్నాను, కదలకండి," అందామె. "నొప్పి ఒక పన్నుకే అన్నారు, నేను మాత్రం అన్నీ చూస్తాను. ఏమీ అనుకోకండి. నాకదో చాదస్తం."

"ఆ... ఆ..." అన్నాడు ఉడుము. నోట్లో అద్దం, దూది, ఆమె వేళ్లు రెండు ఉన్నాయి.

"ఇవాళ సాయంత్రం నాకు ఇంకో పనుంది. మాదొక సాఫ్ట్‌వేర్ కొట్టు. అక్కడా ఇదే చాదస్తం, అన్నీ మళ్లీ ఒకసారి చూసుకుంటాను. ఈసారి మా చిన్నదానికి జ్వరం, కూర్చోలేకపోయాను. అయినా దిగుల్లేదు." ఆమె పన్ను మీద మెల్లగా తట్టింది. "మా దగ్గర పిచ్చుక అని ఒక తమ్ముడున్నాడు. వాడు టిక్కు పెట్టినవి నేను మళ్లీ చూడను. చూడక్కర్లేదు. ఎక్కడుంటాడో, ఏం చేస్తాడో తెలియదు గానీ, అలాంటివాడు ఇంకొకడుంటే ఈ పని నేను నిశ్చింతగా వదిలేద్దును. నొప్పిగా ఉందా?"

ఉడుము కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి.

"మత్తు ఎక్కలేదేమో," అని ఆమె ఇంకో సూది పొడిచింది.

ఆ క్షణాన కుర్చీతో సహా భూమి చీలి తనను మింగేస్తే బాగుండుననిపించింది అతనికి. శత్రువుల చేతిలో దెబ్బలు తిన్నాడు. గోళ్లు పీకుతామంటే నవ్వాడు. ఇంత మెత్తటి మాటలు ఇంత నొప్పి పెడతాయని ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు. ఉంగరం సన్నగా వణికింది. కాపీ పూర్తయింది. ఇక లేచి వెళ్లిపోవచ్చు. రిలీజ్ ఎందుకు ఆగిందో ఎవరికీ తెలియదు, పిచ్చుక ఎప్పటికీ మంచి తమ్ముడుగానే ఉండిపోతాడు, వాడు టిక్కు పెట్టిన మిగతా ప్యాకేజీలను ఆమె ఎప్పటికీ మళ్లీ చూడదు.

"పుక్కిలించండి," అంది డాక్టరమ్మ.

ఉడుము తొట్టి మీదికి వంగాడు. వేలి నుంచి ఉంగరం జారి, గిర్రున తిరిగి, నీళ్లతోపాటు గొట్టంలోకి వెళ్లిపోయింది. జారిందని రిపోర్టులో ఉంది.

అప్పుడే బయట గొడవ వినిపించింది.

"టోకెన్ ఏది?"

"అడ్డు లే, ముసల్దానా!"

"ఏం మాటలురా అవి? మీ అమ్మతో కూడా ఇలాగే మాట్లాడతావా?"

తలుపు దభాలున తెరుచుకుంది. పొడుగు కాళ్ల మనిషి ఒకడు పిస్తోలుతో లోపలికొచ్చాడు. కొంగ వీడేనని ఉడుముకు ఆ కాళ్లే చెప్పాయి. డాక్టరమ్మ మెడలోంచి తాళం తెంచి, కుర్చీ పక్కనే బల్ల మీదున్న కంప్యూటర్‌లో గుచ్చాడు. "మా సంగతి బయటపడేలా ఉంది, రిలీజ్ కాస్త ముందుగా పోతుంది డాక్టర్," అంటూ ఎంటర్ నొక్కాడు. తెర మీద పచ్చటి గీత ఒకటి ఎడమ నుంచి కుడికి పాకడం మొదలుపెట్టింది.

ఉడుము కాలితో కుర్చీ పెడల్ తొక్కాడు. కుర్చీ కింది భాగం లేచి కొంగ మోకాళ్లకు తగిలింది. వాడు ముందుకు తూలగానే ఉడుము పళ్లు కడిగే నీళ్ల గొట్టం లాగి కళ్లలోకి కొట్టాడు. పిస్తోలు సామాన్ల ట్రేలో పడింది. కళ్లు నులుముకుంటూ వెనక్కి తగ్గినవాడిని అత్తగారు ఎక్స్‌రే గదిలోకి ఒక్క తోపు తోసి గడియ పెట్టేసింది.

"టోకెన్ లేకుండా వస్తే ఇంతే," అంది.

డాక్టరమ్మ అప్పటికే కంప్యూటర్ ముందుంది. "ఆగడం లేదు! మొదలైతే తాళానికి కూడా ఆగదు. అసలు ఏమిటిదంతా?"

"థేథీల ఫ్యాకేఝీ," అన్నాడు ఉడుము. నాలుక మొద్దుబారింది. "విషం. డ్యామ్ గేఠ్లు."

ఆమె ముఖం పాలిపోయింది. తేదీల ప్యాకేజీ తెరిచింది. పైనే ఉన్నాయి రెండు పేర్లు. "కొంగ... పిచ్చుక. మా పిచ్చుకా? వాణ్ని కూడా మోసం చేశారన్నమాట. ఫర్వాలేదు, వాడు ఒక్కడు టిక్కు తీసేస్తే చాలు, ప్యాకేజీ రిలీజ్‌లోంచి ఊడిపోతుంది. దేవుడా, వాడు ఇప్పుడు ఫోన్ దగ్గరుండాలి!" గబగబా టైపు చేసింది: 'పిచ్చుకా, తమ్ముడూ, ఉన్నావా? అర్జెంట్.'

ఉడుము జేబులో ఫోన్ కిచకిచమంది.

డాక్టరమ్మ అతని జేబు వైపు చూసింది. తర్వాత సగం ఊడిన తెల్లమీసం వైపు చూసింది. పచ్చగీత తెరలో మూడువంతులు దాటింది.

ఉడుము ఆమె పక్కన కూర్చుని తన మారుపేరు కొట్టాడు. 'టిక్కు వెనక్కి' అన్నచోట నొక్కాడు. 'కారణం?' అని అడిగింది. 'సాంకేతిక లోపం' అని కొట్టాడు. ఆమె ఊపిరి మెడ వెనక తగులుతోంది. చెరిపేశాడు. గీత చివరికి వస్తోంది. 'చదవకుండా టిక్కు పెట్టాను' అని కొట్టి ఎంటర్ నొక్కాడు.

గీత అంచుకు వెంట్రుకవాసి దూరంలో ఆగి, ఎర్రగా మారింది. తేదీల ప్యాకేజీ జాబితాలోంచి మాయమైంది. డ్యామ్ గేట్లు కదలలేదు. కింద వీధిలో జనం అరటిపళ్లు బేరమాడుకుంటూ ఇళ్లకు వెళ్తున్నారు.

ఆమె తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండు. ఆమె రోగులు కూర్చునే బల్ల మీద కూర్చుంది.

"మిగతావి?" అంది.

ఉడుము తల దించుకున్నాడు. మెడకు కట్టిన గుడ్డ మీద తన ఉమ్మి మరకలు కనిపించాయి.

"ఏడాదిగా పెట్టినవి. వాటిల్లో ఎన్ని చదివారు మీరు?" తమ్ముడూ అనలేదు. మీరు అంది.

అత్తగారికి జాలేసింది. "నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటే ఇదే. పోనీలే అమ్మాయ్, సూది మందు దిగేదాకా మాట్లాడలేడు పాపం," అంది.

మందు దిగినా తను మాట్లాడలేడని ఉడుముకు తెలుసు.

డాక్టరమ్మ లేచి చేతులు కడుక్కుంది. "నొప్పి అన్న పన్ను శుభ్రంగా ఉంది," అంది వెనక్కి తిరగకుండానే. "దాని వెనకది లోపల పుచ్చిపోయింది. మీకింకా తెలియడం లేదు. వచ్చే వారం రండి. టోకెన్ తీసుకోండి."

వారం తర్వాత ఉడుము వాచిన దవడతో, ఈసారి నిజంగా వాచినదానితో, గొడుగుల దుకాణం వెనక పెద్దాయన ముందు కూర్చున్నాడు. పెద్దాయన కుర్చీలోనే ఉన్నాడు.

"ఇరవై ఏళ్ల సర్వీసు," అన్నాడు. "నువ్వు చేసిన ఒక్క మంచిపని కూడా లోకానికి తెలియకుండా దాచాం. ఇది మాత్రం ప్రపంచమంతా చదువుతోంది, చెరపడానికి లేదు. సంపెంగ కూడా చదివింది. నీకు ఉత్తరాలు రాసినందుకు తనకూ సిగ్గుగా ఉందట, చెప్పమంది. ఇంకా ఏం చేస్తున్నావ్ అక్కడ?"

"నేను టిక్కు పెట్టినవన్నీ మళ్లీ చదవమన్నారు సార్. కొత్త రూలు పెట్టారు. టిక్కు పక్కన ఏం చదివామో రాయాలి."

"డాక్టరమ్మ ఏమంది?"

"మొదటిదానికి 'చదివినట్టే ఉంది, కానివ్వండి' అని రాశారు." ఆ ఒక్క వాక్యాన్ని అతను చాలాసార్లు చదువుకున్నాడు. ఒక్క అక్షరం కూడా వదల్లేదు.

పెద్దాయన పిప్పరమెంటు నోట్లో వేసుకోబోయి ఆగాడు. ఏదో తట్టినట్టు తలుపు వైపు చూశాడు.

"అవునూ, గొంతు గుర్తుపట్టి ఈ తలుపు తీసే సాఫ్ట్‌వేరు కూడా గాదెలోదేగా?"

"అవును సార్."

"దానికి టిక్కులెవరివి?"

ఉడుము తన బూట్ల వైపు చూసుకున్నాడు.

పెద్దాయన మెల్లగా లేచి, తన కుర్చీ ఈడ్చుకుంటూ వెళ్లి తలుపుకు అడ్డంగా వేసి, దాని మీద కూర్చున్నాడు.

"చదువు," అన్నాడు. "ముందు దీన్ని చదువు."